రాస్ప్‌బెర్రీ పై 4కి పెట్టిన హార్డ్ డిస్క్ మాటిమాటికీ ఊడిపోతుంటే ఏది కొనాలి, ఏది కొనక్కర్లేదు

మా ఇంట్లో టీవీ వెనక అరలో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి, దాని పక్కన హార్డ్ డిస్క్ రాత్రీ పగలూ నడుస్తూ ఉంటాయి. ఇంట్లో అందరి ఫోన్లలోని ఫోటోలూ అందులోకే వెళ్తాయి. ఇప్పుడు నిశ్చింతగా ఉంది గానీ, మొదటి ఏడాది నాకు నిద్ర లేకుండా చేసింది.

రాత్రి పన్నెండు దాటాక బ్యాకప్ మొదలయ్యేది. డిస్క్ తిరగడం మొదలుపెట్టిన సన్నటి చప్పుడు వినిపించేది. రెండు మూడు సెకన్లు గడవగానే టిక్కుమని ఆగిపోయేది. మళ్లీ తిరిగేది, మళ్లీ టిక్కుమనేది. సరిగ్గా ఆ క్షణంలోనే బోర్డు మీది ఎర్ర లైటు ఒక్కసారి ఆరి వెలిగేది. పొద్దున్నే లేచి లాగ్ (ఏం జరిగిందో బోర్డు రాసుకునే చిట్టా) తీస్తే, నిన్నటిదాకా ఎస్‌డీఏ అనే పేరుతో ఉన్న డిస్క్ ఎస్‌డీబీగా కనిపించేది. అంటే డిస్క్ ఊడిపోయి, కొత్తగా తగిలించినట్టు మళ్లీ వచ్చిందన్నమాట. పాత పేరు మీద మౌంట్ అయిన, అంటే ఆ డిస్క్‌కి ముడిపెట్టిన ఫోల్డర్ మాత్రం లేని డిస్క్ కోసం వెతుకుతూ ఎర్రర్లు ఇస్తూనే ఉండేది.

దీనికి అందరూ చెప్పే మందు ఒకటే, మంచి చార్జర్ కొనమని. నేనూ కొన్నాను. కొంత తగ్గింది గానీ పోలేదు. ఆ తర్వాత కేబుళ్లు, హబ్ (ఒక పోర్టుని చాలా పోర్టులుగా చేసేది), డిస్క్ పెట్టే డబ్బాలు ఒక్కొక్కటే మార్చి చూశాక నాకు తేలింది ఒక్కటే. తిరిగే డిస్క్‌కి కరెంటు బోర్డు నుంచి రాకూడదు, దాని కరెంటు దానికి విడిగా ఉండాలి. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. ఆ లెక్క తెలిస్తే ఏది కొనాలో మీకే అర్థమవుతుంది.

బోర్డు ఎంత ఇస్తుంది, డిస్క్ ఎంత అడుగుతుంది

పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్టులు ఉన్నాయి. నాలుగూ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లు మాత్రమే. ఒక్కో పోర్టుకి కాదు, అన్నిటికీ కలిపి. ఈ హద్దు బోర్డులోనే ఉంది. కాబట్టి గోడకి 3 ఆంపియర్ల అడాప్టర్ బదులు 5 ఆంపియర్లది పెట్టినా పోర్టులకి వచ్చేది అంతే.

ఇక డిస్క్ వైపు చూద్దాం. 2.5 అంగుళాల డిస్క్ వెనక లేబుల్ మీద 5 వోల్టులు, 0.7 నుంచి 1 ఆంపియర్ దాకా రాసి ఉంటుంది. నడుస్తున్నప్పుడు అంత తీసుకోదు. కానీ ఆగి ఉన్న పళ్లెం తిరగడం మొదలుపెట్టే ఆ కొన్ని సెకన్లలో దాదాపు ఒక ఆంపియర్ లాగుతుంది. ఒక్క డిస్కే ఉంటే 1.2లో ఎలాగో సర్దుకుంటుంది. పక్కనే కీబోర్డు రిసీవరూ పెన్‌డ్రైవూ ఉంటే అంచు మీద ఉన్నట్టు. రెండు డిస్కులు ఒకేసారి లేచాయంటే 2 ఆంపియర్లు కావాలి, అది ఏ అడాప్టర్ పెట్టినా కుదరని పని.

దీనికి తోడు కేబుల్ నష్టం ఉంది. అధికారిక అడాప్టర్ 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇస్తుంది, వైరు దానికే అతికి ఉంటుంది. ఫోన్ చార్జర్‌కి సన్నటి కేబుల్ తగిలించామనుకోండి. రానూపోనూ ఆ వైరు నిరోధం 0.2 ఓమ్‌లు ఉంటే, 2.5 ఆంపియర్లు పారినప్పుడు అర వోల్టు దారిలోనే పోతుంది. 5.1తో మొదలైనా అర తీసేస్తే 4.6. వోల్టేజీ 4.63 కన్నా తగ్గితే బోర్డు దాన్ని కరెంటు చాలని స్థితిగా లెక్కేస్తుంది. ఎర్ర లైటు ఆరేది అప్పుడే. డిస్క్‌కి ఆ మాత్రం కూడా అందదు, అందుకే టిక్కుమంటుంది.

కొనే ముందు పావుగంట పరీక్ష

అన్ని డిస్కులూ కరెంటు చాలకే ఊడవు. కేబుల్ వల్ల ఊడేవి, డిస్క్‌ని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్‌లోని చిప్ వల్ల ఊడేవి, డిస్కే పాడై ఊడేవి కూడా ఉంటాయి. తేడా తెలియకుండా డబ్బు ఖర్చు పెట్టొద్దు. ఇక్కడ కమాండ్లు తెలుగు లిపిలో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి.

ముందు వీసీజెన్‌సీఎండీ అనే కమాండ్‌కి గెట్_థ్రాటిల్డ్ అని జోడించి నడపండి. జవాబు 0ఎక్స్0 అని వస్తే బోర్డు ఆన్ అయినప్పటి నుంచి వోల్టేజీ పడిపోలేదని అర్థం. 0ఎక్స్50000 వస్తే మధ్యలో ఎప్పుడో పడింది, 0ఎక్స్50005 వస్తే ఇప్పుడే పడి ఉంది. ఒక మెలిక ఉంది. ఇది చెప్పేది బోర్డుకి అందే వోల్టేజీ గురించి. పోర్టు అవతల డిస్క్ దగ్గర ఎంత ఉందో దీనికి తెలియదు. కాబట్టి 0ఎక్స్0 వచ్చినా కరెంటు సమస్య కాదని తీర్మానించకండి.

తర్వాత డీమెస్గ్ అనే కమాండ్ నడిపి లాగ్ చదవండి. అండర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్ అనే మాటలు కనిపిస్తే కరెంటు వైపే వెళ్లండి. డిస్క్ ఊడకుండా 'రీసెట్ సూపర్‌స్పీడ్ యూఎస్‌బీ డివైస్' అని వరసగా వస్తూ, యూఏఎస్ అనే మూడక్షరాలతో మొదలయ్యే అబార్ట్ ఎర్రర్లు పక్కనే ఉంటే చిప్ మీద అనుమానం పెట్టుకోవాలి. దాని సంగతి కింద చెబుతాను.

మూడోది, డిస్క్‌ని నీలం పోర్టు నుంచి తీసి నలుపు పోర్టులో పెట్టి ఒక రోజు చూడండి. నీలం యూఎస్‌బీ 3, నలుపు యూఎస్‌బీ 2. కరెంటు రెండింటికీ ఒకే చోటి నుంచి వస్తుంది, మారేది సిగ్నల్ వేగమే. నలుపులో కుదురుగా ఉండి నీలంలో ఊడుతుంటే తప్పు కేబుల్‌లోనో చిప్‌లోనో ఉంది. రెండింటిలోనూ ఊడితే ఎక్కువగా కరెంటే.

చివరగా స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. అందులో 199వ నంబరు సీఆర్‌సీ ఎర్రర్ల, అంటే దారిలో చెడిపోయిన డేటా లెక్క. అది రోజురోజుకీ పెరుగుతుంటే డిస్క్‌కీ, దాన్ని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్‌కీ మధ్య కనెక్షన్ బాగోలేదు. పాడైన చోట్లని లెక్కపెట్టే 5వ నంబరు, 197వ నంబరు సున్నా దాటి పెరుగుతుంటే మాత్రం ఈ వ్యాసం ఇక్కడ ఆపేసి ముందు డేటా కాపీ చేసుకోండి. పోతున్న డిస్క్‌కి ఏ హబ్బూ ప్రాణం పోయలేదు.

కేబుల్, చార్జర్

పరీక్షలో వోల్టేజీ పడినట్టు తేలితే మొదటి ఖర్చు అధికారిక అడాప్టరే. ఒక్కటే 2.5 అంగుళాల డిస్క్, పక్కన ఇంకేమీ లేకపోతే చాలామందికి దీంతోనే సరిపోతుంది.

డిస్క్ కేబుల్‌ని కూడా చూడండి. పోర్టబుల్ డిస్కులకి వచ్చే వెడల్పాటి మైక్రో బీ పిన్ను ఏడాది రెండేళ్లకి వదులవుతుంది. డిస్క్ పనిలేకుండా ఉన్నప్పుడు, ఏమీ కాపీ కాకుండా చూసుకుని, ఆ పిన్నుని వేలితో కొంచెం కదపండి. లాగ్‌లో డిస్‌కనెక్ట్ అని పడితే కేబుల్ మార్చాలి. అర మీటరు లోపు పొడవుది తీసుకోండి.

వై కేబుల్ అని ఒకటి దొరుకుతుంది. రెండు కాళ్లుంటాయి, ఒకటి బోర్డుకి, ఇంకొకటి ఫోన్ చార్జర్‌కి. యూఎస్‌బీ నియమాల్లో దీనికి చోటే లేదు. చార్జర్ కరెంటు వెనక్కి బోర్డులోకి పారే ప్రమాదం ఉంది. సమస్య కరెంటుదేనా అని ఒక పూట పరీక్షించడానికి వాడొచ్చు గానీ, శాశ్వతంగా పెట్టొద్దని నా సలహా.

సొంత కరెంటు ఉన్న హబ్

ఇప్పటికే రెండు మూడు పోర్టబుల్ డిస్కులు ఉన్నవాళ్లకి ఇదే దారి. చాలా పోర్టబుల్ డిస్కుల్లో సాటా పిన్నులు (కంప్యూటర్ లోపల డిస్క్‌ని తగిలించే మామూలు పిన్నులు) ఉండవు, యూఎస్‌బీ సాకెట్ నేరుగా డిస్క్ బోర్డు మీదే అతికించి ఉంటుంది. వాటిని విప్పి వేరే డబ్బాలో పెట్టలేం. హబ్ ఒక్కటే గతి.

హబ్ కొనేటప్పుడు పోర్టులు లెక్కపెట్టకండి, దాని అడాప్టర్ లేబుల్ చదవండి. ఏడు పోర్టుల హబ్‌కి 5 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టర్ ఇస్తే వచ్చేది 10 వాట్లు. రెండు డిస్కులు లేచేసరికే అయిపోతుంది. 5 వోల్టులు 4 ఆంపియర్లు గానీ, 12 వోల్టులు 2 ఆంపియర్లు గానీ ఉన్నది చూడండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ లాంటి చోట అయితే పెట్టె తెరిపించి అడాప్టర్ చేతిలోకి తీసుకుని చదవొచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే అడాప్టర్ లేబుల్ ఫోటో లేని హబ్ జోలికి వెళ్లొద్దు.

ఇంటికొచ్చాక ఒక పరీక్ష తప్పకుండా చేయండి. బోర్డుని పద్ధతిగా ఆపి, దాని అడాప్టర్ పీకేసి, హబ్‌ని మాత్రం ఆన్‌లో ఉంచండి. బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతోందా? వెలిగితే ఆ హబ్ కరెంటుని వెనక్కి తోస్తోంది. దానివల్ల బోర్డు సగం చచ్చి సగం బతికి ఉంటుంది, రీస్టార్ట్ సరిగా అవదు. నేను ఒక షాపులో కొన్న మొదటి హబ్ ఇలాగే చేసింది. వెనక్కి ఇచ్చేసి వేరేది తెచ్చుకున్నాను.

హబ్ మీద రెండు మూడు డిస్కులు పెట్టి రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా డిస్కులని కలిపి వాడే పద్ధతి) కట్టాలని చాలామందికి ఆశ ఉంటుంది. దయచేసి వద్దు. హబ్ ఒక్కసారి తడబడితే డిస్కులన్నీ ఒకేసారి మాయమవుతాయి, రెయిడ్ కాపాడేది ఏమీ ఉండదు. రెండో డిస్క్ ఉంటే దానిమీద రాత్రిపూట కాపీ తీసుకోండి, అది నిజంగా పనికొస్తుంది.

3.5 అంగుళాల డిస్క్, సొంత అడాప్టర్ ఉన్న డబ్బా

నేను చివరికి కుదురుకున్నది ఇక్కడే. 3.5 అంగుళాల డిస్క్‌కి 12 వోల్టులు కావాలి. అది యూఎస్‌బీ నుంచి రాదు కాబట్టి డబ్బాతోపాటు విడి అడాప్టర్ వచ్చే తీరాలి. బోర్డు మీద బరువు పడదు. మా ఇంట్లో ఇది పెట్టిన రోజు నుంచి ఆ టిక్ చప్పుడు మళ్లీ వినలేదు.

అడాప్టర్ కనీసం 12 వోల్టులు 2 ఆంపియర్లు ఉండాలి, తిరగడం మొదలైనప్పుడు ఈ డిస్క్ దాదాపు అంత లాగుతుంది. నడుస్తున్నప్పుడు 5 వాట్ల చుట్టుపక్కల తింటుందనుకుంటే ఏడాదికి 44 యూనిట్లు. 2.5 అంగుళాల దానికన్నా ఎక్కువే, కానీ నెల బిల్లులో తెలిసేంత కాదు.

డబ్బా ఎంచుకునేటప్పుడు నేను చూసేది స్విచ్. వెనక టక్కున అటూ ఇటూ పడే మామూలు స్విచ్ ఉన్నది తీసుకోండి. నొక్కి వదిలే బటన్ ఉన్న డబ్బాల్లో కొన్ని కరెంటు పోయి వస్తే వాటంతట అవి ఆన్ అవవు. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి ఐదు నిమిషాల్లో వస్తుంది. బోర్డు లేస్తుంది, డిస్క్ లేవదు. మనం ఊళ్లో లేకపోతే అంతే సంగతులు. ఇంకో సంగతి, కొన్ని డబ్బాలు కొన్ని నిమిషాలు పనిలేకపోతే డిస్క్‌ని నిద్రపుచ్చుతాయి, ఆ అలవాటు మాన్పించే వీలుండదు. వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే ఒక గంట ఖాళీగా వదిలి చూడండి.

యూపీఎస్ ఉంటే బోర్డునీ డబ్బానీ రెండిటినీ ఒకే యూపీఎస్ మీద పెట్టండి. బోర్డు మాత్రమే బ్యాటరీ మీద ఉంటే కరెంటు పోయిన ప్రతిసారీ మనమే డిస్క్‌ని పీకినట్టవుతుంది.

ఎస్‌ఎస్‌డీ

మీ డేటా ఒక టీబీ లోపే అయితే, ఇంకా డిస్క్ కొననేలేదు అంటే, సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి, యూఎస్‌బీ 3 అడాప్టర్ ఒకటి తీసుకోండి. తిరిగేది ఏమీ లేదు కాబట్టి మొదట్లో కరెంటు గుంజడం ఉండదు. ఎక్కువసేపు రాస్తున్నప్పుడు కొన్ని ఎస్‌ఎస్‌డీలు కూడా బాగానే లాగుతాయి, అయినా పై 4లో ఒక్కటి పెడితే ఇబ్బంది రాదు.

ఇక్కడ చిక్కంతా అడాప్టర్ చిప్‌తోనే. యూఎస్‌బీని సాటాగా మార్చే ఈ చిప్పులు కొన్ని యూఏఎస్ అనే వేగవంతమైన పద్ధతిలో బోర్డులో నడిచే లినక్స్‌తో సరిగా మాట్లాడలేవు. బరువు పడగానే బిగుసుకుపోతాయి, బోర్డు వాటిని రీసెట్ చేస్తుంది. కరెంటు ఎంత ఇచ్చినా ఇది తగ్గదు. హబ్బులు మార్చి మార్చి విసిగిపోయినవాళ్లలో కొందరి అసలు జబ్బు ఇదే.

మందు ఉంది, ఖర్చు లేదు. ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే కమాండ్ నడిపితే అడాప్టర్ గుర్తింపు సంఖ్య వస్తుంది. ఉదాహరణకి 152డీ:0578 అని వచ్చిందనుకోండి, ముందున్న 152డీ జేమైక్రాన్ కంపెనీ చిప్పులది. బోర్డు ఆన్ అయ్యేటప్పుడు చదివే సీఎండీలైన్.టీఎక్స్‌టీ అనే ఫైల్‌లో ఉన్న ఒకే ఒక్క వాక్యం చివర ఖాళీ వదిలి, యూఎస్‌బీ-స్టోరేజ్.క్విర్క్స్=152డీ:0578:యూ అని చేర్చి రీస్టార్ట్ చేయండి. మీ అడాప్టర్ సంఖ్య వేరేదైతే అదే రాయాలి. ఆ ఫైల్ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో 2023 నాటి బుక్‌వార్మ్ వెర్షన్ నుంచి బూట్ ఫోల్డర్ లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఉంటుంది, అంతకుముందు వాటిలో నేరుగా బూట్‌లోనే. అంతా ఒకే వరుసలో ఉండాలి, ఎంటర్ కొట్టి కింద వరుసలో రాస్తే పనిచేయదు. ఆ తర్వాత ఎల్ఎస్‌యూఎస్‌బీకి హైఫన్ టీ జోడించి నడిపితే డ్రైవర్ దగ్గర యూఏఎస్ పోయి యూఎస్‌బీ-స్టోరేజ్ అని కనిపించాలి. వేగం కొంత తగ్గుతుంది, ఎస్‌ఎస్‌డీకి ట్రిమ్ (చెరిపిన చోట్లని ఎస్‌ఎస్‌డీకి తెలిపే సదుపాయం) కూడా పోవచ్చు. ఫోటోలు దాచుకునే ఇంటికి ఇది పెద్ద నష్టం కాదు. ఎస్‌ఎస్‌డీనే కాదు, ఏ డబ్బాలో ఈ రకం చిప్ ఉన్నా ఇదే వైద్యం.

పై 5కి మారితే పోతుందా

పోదు. జాగ్రత్త పడకపోతే ఇంకా ముదురుతుంది. 2023 అక్టోబరులో వచ్చిన పై 5, 5 ఆంపియర్లు ఇవ్వగల అడాప్టర్‌ని గుర్తిస్తేనే యూఎస్‌బీ పోర్టులకి 1.6 ఆంపియర్లు వదులుతుంది. లేకపోతే అన్నిటికీ కలిపి 0.6 మాత్రమే. అంటే పాత 3 ఆంపియర్ల అడాప్టర్‌తో పై 5 పెడితే డిస్క్‌కి పై 4లో దొరికినదాంట్లో సగమే దొరుకుతుంది. లాప్‌టాప్ చార్జర్ 65 వాట్లది కదా, సరిపోతుంది అనుకుంటాం. అవి 20 వోల్టుల దగ్గర అంత ఇస్తాయి గానీ, 5 వోల్టుల దగ్గర చాలావరకు 3 ఆంపియర్లే. అందుకని 27 వాట్ల అధికారిక అడాప్టర్‌ని బోర్డు ధరలో భాగంగానే లెక్కేసుకోండి. కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక సెట్టింగ్‌తో ఆ హద్దుని బలవంతంగా ఎత్తేయొచ్చు. కానీ అడాప్టర్‌లో సత్తువ లేనప్పుడు ఎత్తేస్తే బోర్డుకే వోల్టేజీ పడిపోతుంది.

పై 5తో వచ్చే అసలు లాభం వేరు. దానికి పీసీఐఈ అనే వేగమైన కనెక్టర్ ఉంది, 2024లో వచ్చిన ఎం.2 హ్యాట్ ప్లస్ అనే జోడింపు బోర్డు మీద ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీని నేరుగా కూర్చోబెట్టొచ్చు. యూఎస్‌బీ అన్నదే మధ్యలో ఉండదు, కాబట్టి ఈ వ్యాసంలోని బాధలు సగానికి సగం ఉండవు. అధికారిక హ్యాట్‌లో 2230, 2242 సైజులే పడతాయి. మామూలుగా దొరికే పొడవాటి 2280 కావాలంటే వేరే హ్యాట్ చూసుకోవాలి. బోర్డు ఇంకా కొనని వాళ్లకి, డేటా తక్కువ ఉన్నవాళ్లకి నా ఓటు దీనికే.

నాలుగైదు టీబీలు, రెండు పెద్ద డిస్కులు అంటే మాత్రం ఇలాంటి బోర్డు మీద కుస్తీ పట్టకండి. రెండు సాటా డిస్కులు నేరుగా పెట్టుకునే ఓడ్రాయిడ్ హెచ్‌సీ4 లాంటి బోర్డు గానీ, ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ గానీ చూడండి. డెస్క్‌టాప్ కరెంటు ఎక్కువ తింటుంది, కానీ డిస్కులు లోపలే, సాటా కేబుల్‌తో, దాని పవర్ సప్లై మీదే ఉంటాయి.

ఏది కొన్నా చేయాల్సిన ఒక పని

డిస్క్ ఊడిపోయినప్పుడు జరిగే అసలు నష్టం నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకసారి కరెంటు పోయి వచ్చినప్పుడు డిస్క్ మౌంట్ కాలేదు. బ్యాకప్ మాత్రం ఆగలేదు. డిస్క్ ఉండాల్సిన ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే, అందులోకే, అంటే బోర్డు ఎస్‌డీ కార్డులోకే రాసుకుంటూ పోయింది. పదకొండు రోజులు. కార్డు నిండి బోర్డు బిగుసుకుపోయాక గానీ నేను చూడలేదు. అన్ని రోజులూ ఫోన్‌లో బ్యాకప్ పూర్తయింది అనే వచ్చింది.

అప్పటి నుంచి, డిస్క్ మౌంట్ కాకుండా ఉన్నప్పుడే ఆ ఖాళీ ఫోల్డర్ మీద చాట్ర్ ప్లస్ ఐ అనే కమాండ్ నడిపి తాళం వేస్తున్నాను. డిస్క్ ఉంటే మామూలుగా పనిచేస్తుంది, లేకపోతే అందులోకి ఎవరూ ఏమీ రాయలేరు, బ్యాకప్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఆగితేనే మనకి తెలిసేది. అలాగే ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ అవ్వాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో డిస్క్‌ని ఎస్‌డీఏ అనే పేరుతో కాకుండా యూయూఐడీ (ఊడి వచ్చినా మారని గుర్తింపు సంఖ్య)తో రాసి, నోఫెయిల్ చేర్చండి. డిస్క్ రాకపోయినా బోర్డు లేస్తుంది, దూరం నుంచి లాగిన్ అయి చూసుకోవచ్చు. డిస్క్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4 అయితే మంచిది. ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నల్ (చేయబోయే మార్పుల్ని ముందే రాసుకునే చిట్టా) లేదు, రాస్తుండగా ఊడితే ఫైళ్లు చెడే అవకాశం ఎక్కువ.

కొత్త హబ్ వచ్చినా, డబ్బా వచ్చినా వెంటనే నమ్మి ఫోటోలు అప్పగించకండి. 100 జీబీ అంత ఫోల్డర్‌ని రాత్రంతా అటూ ఇటూ కాపీ చేయించండి. డిస్క్‌ని నాలుగైదు సార్లు నిద్రపుచ్చి లేపండి, ఎందుకంటే ఊడేది ఎక్కువగా లేచేటప్పుడే. పొద్దున్నే లాగ్‌లో రీసెట్, డిస్‌కనెక్ట్ అనే మాటలు వెతకండి. మూడు రాత్రులు ఒక్కటి కూడా దొరకకపోతే అప్పుడు ఫోటోలు అందులోకి ఎక్కించండి. పాత డిస్క్‌ని మాత్రం ఇంకో నెల దాకా చెరపకండి.